ప్రేక్షకసిద్ధియు వయోగణనమును

నాట్యశాస్త్రమున నిరువదియేడవ యధ్యాయము సిద్ధిని గూర్చినది. ప్రయోగము ఫలించినదో లేదో నటుడు చెప్పరాదు, కవి చెప్పరాదు. ప్రేక్షకుని ముఖమును, కంఠమును, శరీరమును జెప్పవలెనని భరతుని మతము. చిఱునవ్వు, సగము నవ్వు, పెనునవ్వు, 'సాధు', 'అహో', 'కష్టము' అను మాటలు, పెద్దపెట్టున లేచు ధ్వని, ఇవి వాఙ్మయసిద్ధికి గుఱుతులు. గగుర్పాటు, ఆసనమునుండి లేచుట, వస్త్రాదుల నొసగుట, వ్రేళ్లెత్తుట, ఇవి శారీరసిద్ధికి గుఱుతులు. ఈ రెండును మానుషసిద్ధి. రంగము నిండియుండి, సద్దుగాని క్షోభగాని లేక ప్రేక్షకులు నిశ్చలులై చూచుట దైవసిద్ధి. వీనిని గుర్తించుటకు ప్రాశ్నికులును, వారికి దోడుగా లేఖకులును గణకులును ఉండవలెనని మహర్షి విధించెను.

ఈ విధానమంతయు బ్రేక్షకుడు నటుని యెదుట గూర్చుండిన కాలమునకు జెందినది. టెలివిజను వచ్చిన పిదప బ్రేక్షకుడు తన యింటనే యుండి చూడసాగెను. వాని నవ్వు నటునకు వినబడదు. వాని గగుర్పాటు ప్రాశ్నికునకు గనబడదు. అట్టిచో సిద్ధి యెట్లు తెలియవలెను? ప్రాశ్నికుడు తొలగి గణకుడొక్కడే మిగిలినచో బ్రయోగమున కేమి సంభవించును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పదగిన యుదాహరణ మొకటి యమెరికా సంయుక్తరాష్ట్రముల చరిత్రమున గలదు. అచ్చట 1984 మొదలు 1996 వఱకు బ్రదర్శింపబడిన 'మర్డర్, షీ రోట్' అను ధారావాహిక యది. 'హత్య యని యామె వ్రాసెను' అని దాని పేరున కర్థము. ఇది హత్యాపరిశోధనకథ యయ్యు బీభత్సభయానకముల జోలికి బోక హాస్యాద్భుతములతో నడచినది. దానిని జూచినవా రెట్లు స్పందించిరో, ఆ స్పందనము నెట్లు లెక్కించిరో, ఆ లెక్క దాని నెట్లు ముగించెనో యిట విచారింపబడును.

ఈ ధారావాహికను గల్పించినవారు రిచర్డ్ లెవిన్‌సన్, విలియం లింక్, పీటర్ ఎస్. ఫిషర్ అను మువ్వురు. మొదటి యిరువురు 'కొలంబో' యను ప్రసిద్ధధారావాహికకు గర్తలు. ఫిషర్ దానికి గథలు వ్రాసినవాడు. వీరు 1975లో 'ఎలరీ క్వీన్' అను మఱియొక పరిశోధకుని కథలను టెలివిజనునకు దెచ్చిరి. అందు నాయకుడు కథాంతమునకు ముందు ప్రేక్షకులవైపు దిరిగి, హంతకు డెవ్వడో కనుగొంటిరా యని యడుగుచుండెను. అది యొక్క యేడు మాత్రమే నడచినది. అయినను బ్రేక్షకుని బరిశోధనమున భాగస్వామిని జేయు నా సంకల్పము వీరిని వదలలేదు. 'మర్డర్, షీ రోట్'లో నది ఫలించినది.

నాయిక పాత్రము మొదట జీన్ స్టేపుల్టన్ అను నటికి జూపబడెను; ఆమె యొల్లకపోగా నేంజెలా లాన్స్‌బరీకి దక్కెను. లాన్స్‌బరీ 1925లో లండనున జన్మించి, యుద్ధకాలమున 1940లో నమెరికాకు జేరి, చలనచిత్రములందును రంగస్థలమునను బేరొందినది. 1980లో నగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్ అను వృద్ధపరిశోధకురాలి పాత్రను జలనచిత్రమున ధరించియుండెను. టెలివిజనున నీ నూతనపాత్రను గైకొనునాటికి ఆమెకు యేబదియెనిమిదేండ్లు. అందఱును నటులు విశ్రాంతి కోరు వయస్సని తలచు కాలమున నామె పండ్రెండేండ్ల పనికి బూనుకొనెను.

కథలోని నాయిక జెస్సికా ఫ్లెచర్. ఆమె భర్తను గోల్పోయినది, బిడ్డలు లేనిది, ఆంగ్లోపాధ్యాయినిగా బనిచేసి విరమించినది. మెయిన్ రాష్ట్రమున సముద్రతీరముననున్న కేబట్ కోవ్ అను కల్పితగ్రామమున నుండి, ప్రొద్దుపోక కొకకథ వ్రాసినది. అన్న కొడుకో యక్క కొడుకో వలె నామె పెంచిన గ్రేడీ యను బంధువు దానిని ఆమె యెఱుగకుండ బ్రకాశకుల కిచ్చెను, ఆమె ప్రసిద్ధురాలయ్యెను. అటుపిమ్మట నామె యడుగిడిన చోటనెల్ల నొక హత్య జరుగును. రక్షకభటులు నిరపరాధి నెవనినో పట్టుకొందురు. ఆమె చిన్న చిన్న గుఱుతులను గూర్చి నిజమైన హంతకుని బయటబెట్టును. ఇదియే ప్రతివారపు కథ. ఇట్టివి రెండువందల యఱువదినాలుగు ప్రదర్శింపబడెను.

ఈ కథల యాకర్షణము నెఱుగుటకు వ్యాకరణశాస్త్రము తోడ్పడును. వాక్యమున గ్రియాకారకములలో నొకటి వినబడనిచో శ్రోతకు నాకాంక్ష కలుగునని శాబ్దికు లందురు. 'చంపెను' అని విన్నవాడు 'ఎవనిని?' అనియు 'ఎవడు?' అనియు నడుగక మానడు. హత్యాకథ యీ యాకాంక్షపైననే నిలిచినది. ఇందు గ్రియ తెలియును. చచ్చినవాడు కర్మ, వాడును దెలియును. కర్తృపదమును మాత్రము కవి చివరివఱకు దాచును. నడుమ వచ్చు పాత్రలన్నియు గర్తృత్వమునకు యోగ్యత గల పదములు. ప్రేక్షకు డొక్కొక్క పదమును దెచ్చి యన్వయించి చూచును, అన్వయింపనిదానిని ద్రోసివేయును. 'కొలంబో'లో గర్త మొదటనే తెలుపబడును. అందలి యాకాంక్ష 'ఎట్లు పట్టుబడును?' అని. 'మర్డర్, షీ రోట్' కర్తను దాచు పాతమార్గమునే పట్టినది. కథ ముగియుసరికి వాక్యము పూర్ణమగును, ఆకాంక్ష శమించును. వారమంతయు నసంపూర్ణవాక్యములతో గాలము గడపు గృహస్థునకు వారాంతమున నొక్క వాక్యమైనను బూర్ణమగుట సుఖహేతువు.

హత్య వస్తువైనను గథ తేలికగా నుండుటకు వేఱొక కారణము గలదు. వధను బ్రత్యక్షముగ జూపరాదని దశరూపకకారుడు నిషేధించెను. ఈ ధారావాహిక కర్తలు దశరూపకమును జదివినవారు కారు గాని యించుమించుగ నా నియమమునే పాటించిరి. ఇందు రక్తము మిక్కిలి యల్పము. శవము క్షణకాలము కనబడి మఱుగగును. దుఃఖము కథను ముంచివేయదు. ప్రధానముగ నిలుచునది నిరపరాధికి వచ్చిన యాపద. మృచ్ఛకటికమున జారుదత్తునిపై వసంతసేనను జంపిన నింద పడినపుడు ప్రేక్షకుని హృదయము హంతకుని శిక్షకంటె జారుదత్తుని విముక్తినే యెక్కువగ గోరును. జెస్సికా కథలందును బ్రేక్షకు లాశించినది యట్టి విముక్తియే. న్యాయాధికరణమున బొరపాటుపడు లోకమును సవరింప నొక వృద్ధవనిత వచ్చునను నమ్మకము వారికి గలిగెను.

సీ.బీ.యస్. అను ప్రసారసంస్థ 1984 సెప్టెంబరు 30న దీనిని బ్రారంభించెను. ఆదివారము రాత్రి యెనిమిది గంటలకు, 'సిక్స్టీ మినిట్స్' అను ప్రసిద్ధవార్తాప్రదర్శనము ముగిసినంతనే యిది వచ్చుచుండెను. వార్తలకై కూర్చుండినవారు లేవక దీనినిగూడ జూచుచుండిరి. మొదటి పదునొకండు సంవత్సరములును ఇది దేశమున నత్యధికులు చూచిన పదునైదు ప్రదర్శనములలో నిలిచెను. పెక్కేండ్లు మొదటి పదింటిలోనే యుండెను. ఈ పాత్రకై లాన్స్‌బరీ పేరు పండ్రెండుమాఱు లెమ్మీ పురస్కారమునకు బరిశీలింపబడెను, ఒక్కమాఱును రాలేదు. గోల్డెన్ గ్లోబ్ పురస్కారము మాత్రము నాలుగుమాఱులు లభించెను. ప్రాశ్నికుల తీర్పు రెండువిధముల నుండెను గాని ప్రేక్షకుల తీర్పు ఒక్కవిధముననే యుండెను.

ఆ ప్రేక్షకుల స్పందనమును మూడుదెఱగుల గ్రహింపవచ్చును. మొదటిది విశ్వాసము. పనిభారము తగ్గింపగోరి లాన్స్‌బరీ 1989 మొదలు రెండేండ్లు కొన్ని కథలందు ఆదియందును అంతమునందును మాత్రమే కనబడి, నడుమ బరిశోధనమును ఇతరపాత్రల కప్పగించెను. ఆ కాలమున ధారావాహిక మొదటి పదింటి వెలుపలికి జాఱెను. 1991లో నాయిక సంపూర్ణముగ మఱలిరాగా మఱల లోనికి వచ్చెను. చిక్కుముడి యెవ్వరు విప్పినను ముడియే. కాని ప్రేక్షకులు ముడికై రాలేదు, విప్పు చేతికై వచ్చిరని దీనివలన దేటపడినది.

రెండవది పరిహాసము. కేబట్ కోవ్ జనసంఖ్య సుమారు మూడున్నరవేలు. అంత చిన్నయూర నన్నేండ్లు అన్ని హత్యలు జరిగినచో నచ్చట నింక మిగులువా రెవ్వరని చూచువారు నవ్వుకొనిరి. జెస్సికాను విందునకు బిలిచినవాడు వీలునామా వ్రాసికొనవలెననిరి. ఎక్కడ జూచినను నామెయే యుండుటవలన నసలు హంతకురాలామెయే యని మఱికొందఱు సిద్ధాంతము చేసిరి. చిన్నయూర లెక్కకుమీఱిన హత్యలు జరుగు కథాసంప్రదాయమునకు 'కేబట్ కోవ్ సిండ్రోమ్' అను పేరే యేర్పడెను. 1991లో గర్తలు జెస్సికాకు న్యూయార్కునగూడ నొక నివాస మేర్పఱచిరి. నాటినుండి హత్యాభారములో గొంత యా మహానగరము మోసినది. ఈ పరిహాసము ద్వేషజనితము కాదు. ఇంటివారిలో నొకరి యలవాటును జూచి యింటివారే నవ్వుకొను తెఱగుది. భరతుడు చెప్పిన స్మితార్ధహాసము లిట్టివే. ఇవి సిద్ధిలక్షణములే గాని ఘాతములు కావు.

మూడవది యాత్మగౌరవము. ఈ ధారావాహికను జూచువారిలో నేబది యేండ్లు దాటినవారు, అందును స్త్రీలు, మిక్కిలి యెక్కువ. అంతకుముందు టెలివిజనున వృద్ధవనిత యనగా నాయకుని తల్లియో, యత్తయో, నవ్వు పుట్టించు పొరుగింటామెయో. జెస్సికా వీరిలో నెవ్వరును గాదు. ఆమె తన సంపాదనమున దాను బ్రదుకును, దేశములు తిరుగును, గ్రామమున సైకి లెక్కి పోవును, టైపుయంత్రమును వదలి కంప్యూటరు నేర్చుకొనును. అధికారులు మొదట నామె మాట పెడచెవిని బెట్టుదురు, చివర నామె చెప్పినదే నిజమగును. పునర్వివాహముతో గథను ముగింపవలెనను నాశ కర్తలకు గలిగినపుడెల్ల లాన్స్‌బరీ దాని కడ్డుపడెను. తమ యనుభవమునకు, తమ వివేకమునకు నింకను బనియున్నదని వృద్ధప్రేక్షకులు ప్రతివారము కన్నులార జూచిరి. ఈ మూడవ స్పందనమే ధారావాహికకు బ్రాణమయ్యెను. లెక్కలు వ్రాయువారి దృష్టిలో నదియే దాని దోషముగ గూడ బరిణమించెను.

ఆ లెక్కల విధానమిట్టిది. అమెరికాలో టెలివిజను ప్రేక్షకులను నీల్సన్ అను సంస్థ గణించుచుండెను. దేశమందలి యిండ్లన్నిటిని జూచుట యసాధ్యము గనుక స్థాలీపులాకన్యాయమున గొన్నివేల యిండ్లను మచ్చునకు దీసికొని వానియందు యంత్రముల నుంచుదురు. 1987 నుండి దేశవ్యాప్తగణనమునకు వాడబడిన యంత్రము ఇంట నే పెట్టె తెఱవబడినదో మాత్రమేగాక, దాని ముందెవ్వరు కూర్చుండిరో, వారి వయస్సెంతయో, స్త్రీయో పురుషుడో కూడ దెలుపును. ప్రసారసంస్థకు ధనము ప్రేక్షకునినుండి రాదు. ప్రకటనలిచ్చు వర్తకునినుండి వచ్చును. వర్తకులు పదునెనిమిదేండ్లు మొదలు నలువదితొమ్మిదేండ్లవఱకు గలవారిని బ్రత్యేకవర్గముగ నేర్పఱచి వారికే యెక్కువ వెల గట్టిరి. వృద్ధుల కొనుగోలు అలవాట్లు స్థిరపడిపోయినవి, యువకుల యలవాట్లు మార్చవచ్చునని యొక హేతువు. వృద్ధులెట్లును టెలివిజను మిక్కిలిగ జూతురు గనుక వారికై ప్రత్యేకముగ వెచ్చింపనక్కఱలేదని మఱియొక హేతువు. ఇట్లు రెండు కన్నులు రెండు కన్నులతో సమానము గాకపోయెను.

1994–95 సంవత్సరమున గూడ 'మర్డర్, షీ రోట్' మొదటి పదింటిలో నుండెను. అయినను 1995లో సీ.బీ.యస్. దానిని పదునొకండేండ్లు నిలిచిన యాదివారమునుండి తీసి గురువారము రాత్రికి మార్చెను. ఆ వేళకే ప్రత్యర్థిసంస్థ యగు ఎన్.బీ.సీ. 'ఫ్రెండ్స్' అను హాస్యధారావాహికను బ్రదర్శించుచుండెను. అది యువజనుల కథ, యువజనులకు బ్రాణప్రదము. ఆదివారపు స్థానమున సంస్థ యువప్రేక్షకుల నాకర్షించు క్రొత్త హాస్యకథలను బెట్టెను. చిరకాలప్రేక్షకులు నిరసించిరి, లాన్స్‌బరీ తన వ్యథను బహిరంగముగ వెల్లడించెను. ఫలితము కొలదినెలలలోనే కనబడెను. వార్తాప్రదర్శనము వెంట వచ్చుట, ఆదివారపు రాత్రి యలవాటు, కుటుంబమంతయు నొకచో గూర్చుండుట, ఈ మూడును బోయినవి. అంతకుముందేడు ఎనిమిదవ స్థానమున నున్న ధారావాహిక మొదటి యేబదింటిలో గూడ నిలువజాలకపోయెను.

కర్తలు తమ యుత్తరమును గథారూపముననే యిచ్చిరి. 1996 ఫిబ్రవరిలో 'మర్డర్ అమాంగ్ ఫ్రెండ్స్' అను కథ ప్రదర్శింపబడెను. అందు యువజనుల నాకర్షించు నొక టెలివిజను హాస్యధారావాహిక కార్యస్థానముననే హత్య జరుగును. ప్రత్యర్థి పేరు నేరుగ బలుకకయే పలికిన శ్లేష యది. చివరి కథలు కొన్ని మఱల నాదివారమునకు దేబడెను. 1996 మే 19న వచ్చిన కడపటి కథకు 'డెత్ బై డెమోగ్రాఫిక్స్' అని పేరిడిరి. జనవర్గగణనమువలన మరణమని దాని భావము. రెండువందల యఱువదిమూడు కథలందు హంతకుని బట్టియిచ్చిన ధారావాహిక యిట్లు తన హంతకుని పేరును దన చివరి శీర్షికయందే వ్రాసి ముగిసెను. కర్తృపద మధ్యాహార్యము గాకుండ స్పష్టముగ జెప్పబడినది.

ఇచ్చట నొక పూర్వపక్షము గలదు. వ్యయమంతయు వర్తకునిది, ప్రేక్షకు డొక కాసైన నీయక చూచినవాడు, ధనమిచ్చువాడు తనకు గావలసిన ప్రేక్షకుని గోరుట తప్పెట్లగునని కొందఱందురు. వర్తకధర్మమున నిది తప్పు గాదు. కాని యప్పుడు లెక్కింపబడినది ప్రయోగసిద్ధి గాదు, విక్రయయోగ్యత. ఈ రెండింటికి నొక్క పేరు పెట్టి 'ఆదరణము తగ్గినది' యనుట మాత్రము దోషము. ఆదరణము తగ్గినందున స్థానము మార్చలేదు; స్థానము మార్చినందున నాదరణము తగ్గెను. కార్యకారణములను దలక్రిందులు చేయుట చరిత్రకారునకు దగదు.

భరతుడు ప్రేక్షకుల వయోభేదము నెఱుగనివాడు గాడు. తరుణులు కామకథలందును, విరక్తులు మోక్షకథలందును, శూరులు వీరరౌద్రబీభత్సములందును, వృద్ధులు ధర్మాఖ్యానపురాణములందును దుష్టి నొందుదురని యా యధ్యాయముననే చెప్పెను. కాని యొకరి తుష్టి కెక్కువ వెలయు, నొకరి తుష్టి కతక్కువ వెలయు నాయన కట్టలేదు. ప్రేక్షకుని గుణములన్నియు నొక్కనియందే యుండవు గనుక నానావిధజనులు రంగమును నింపవలెననియే యాయన తలపు. నిరపరాధి రక్షింపబడి, యపరాధి బయటపడు కథ యొకవిధమున ధర్మాఖ్యానమే. వృద్ధులు దానికి మరలుట భరతుని వాక్యమునకు నిదర్శనమే. మహర్షి దైవము, నటసముత్థము, పరసముత్థము, ఔత్పాతికము నని నాలుగు ఘాతములను బేర్కొనెను. నాటకమును బోషించు స్వామియే, ప్రేక్షకులు ముదుసలులని రంగమును మార్చివేయుట యీ నాలుగింట నిముడదు. దానిని గణకసముత్థమని యైదవ ఘాతముగ జెప్పుకొనవలెను.

ఘాతమువలన బ్రదర్శన మాగెను గాని సిద్ధి యాగలేదు. 1997 మొదలు 2003 వఱకు నాలుగు దీర్ఘచిత్రములు జెస్సికా కథలతో వెలువడెను. పాతకథలు దేశదేశముల బునఃప్రసారమగుచు, నా ధారావాహిక ముగిసిన పిమ్మట జన్మించినవారిని గూడ జేరెను. 2013లో ఎన్.బీ.సీ. సంస్థ ఆ పేరుతోనే, వేఱొక నటితో, వేఱొక నాయికతో నూతనధారావాహిక నిర్మింతునని ప్రకటించెను. కథ యెట్టిదైనను జేయవచ్చును గాని యా పేరు పెట్టుట తగదని లాన్స్‌బరీ పలికెను. 2014 జనవరిలో నా యత్నము విరమింపబడెను. లాన్స్‌బరీ 2022 అక్టోబరు 11న, తొంబదియేడవ జన్మదినమునకు నైదుదినములు ముందు, దివంగత యయ్యెను. ఆ యేడే వెలువడిన 'గ్లాస్ ఆనియన్' అను హాస్యహత్యాచిత్రమున నామె తానుగానే క్షణకాలము కనబడెను. ఆమె కడపటి దర్శనమును హత్యాపరిశోధనకథయందే లభించుట యుచితముగ నున్నది.

2021 ఆగస్టులో 'ఓన్లీ మర్డర్స్ ఇన్ ది బిల్డింగ్' అను మఱియొక హాస్యహత్యాధారావాహిక మొదలయ్యెను. అందు పరిశోధకులు మువ్వురు. ఇరువురు వృద్ధులు, స్టీవ్ మార్టిన్ 1945లోను మార్టిన్ షార్ట్ 1950లోను జన్మించినవారు. మూడవయామె సెలీనా గోమెజ్ 1992లో జన్మించినది. కథలో వీరు వృత్తిపరిశోధకులు గారు. అపరాధకథలను వినుటయం దాసక్తి గల శ్రోతలు. ఆ యాసక్తియే వారి నొకచో జేర్చి పరిశోధకులను జేసెను. ప్రేక్షకుడే పరిశోధకుడు గావలెనని 1975లో నెలరీ క్వీన్ తెఱనుండి తిరిగి యడిగిన ప్రశ్నకు నిది యుత్తరము. వృద్ధుడును యువతియు నొక్క కర్తృపదమునకై కలసి వెదకవచ్చునని 1995 నాటి గణకునకు నిది ప్రత్యుత్తరము.

గణనము వలదని చెప్పుట యీ వ్యాసమున కుద్దేశము గాదు. భరతుడును గణకుని రంగమున గూర్చుండబెట్టెను. అయితే ప్రాశ్నికునకు దోడుగా గూర్చుండబెట్టెను, ప్రాశ్నికుని స్థానమున గాదు. ఎంతమంది చూచిరో గణకుడు చెప్పగలడు. చూచినవారి స్మితము, వారి విశ్వాసము, ముదిమిలో వారికి గలిగిన యాత్మగౌరవము గణకుని పుస్తకమున జేరవు. ఒక దేశమున నొక యాదివారపు రాత్రి లక్షలకొలది వృద్ధు లొక్క కథకై వేచియుండిరనుట సిద్ధియే యని యంగీకరించినచో, వారి వయస్సు దాని వెలను దగ్గింపజాలదు. ఈ న్యాయమును విజ్ఞులు విచారింతురు గాక.